ముందు ఇరుసులో పుట్నాలు

నేను బిగించిన బండిలో చప్పుడు పట్టుకోగల చెవి ఐర్లండ్‌లో ఇంకా పుట్టలేదు.

"ఆ టకటకేంటే కోడలా?" అన్నాడు టైటస్ మావయ్య, ఇంకా గుమ్మంలో బూట్లు విప్పుతూనే.

సరే, పుట్టింది. లీక్స్‌లిప్‌లో కాపురముంటోంది.

మావయ్య అమ్మకి సొంత తమ్ముడు. అక్కడ కంప్యూటర్ చిప్‌లు తయారుచేసేచోట ఇంజనీరు. లోపలికి దుమ్ము రేణువు వెళ్ళాలన్నా ఐడీ కార్డు చూపించాలని ఆయనే చెప్పాడు, లేకపోతే నేను చెప్పి ఆయన పేరు పెట్టాను. ఆ శనివారం డ్రోహెడాలోని మా ఇంటికి ఆయన వచ్చిన పని ఒక్కటే. నా రాక్ క్రాలర్‌ని తన కొడుకు శ్యాం కోసం పట్టుకెళ్ళడం.

రాక్ క్రాలర్ అంటే రిమోట్‌తో నడిచే బుల్లి జీపు. పరిగెత్తదు, పాకుతుంది. క్లోగర్‌హెడ్ బీచ్ పక్కన, మేకలు కూడా ఒకసారి ఆగి ఆలోచించే బండల మీదకి నింపాదిగా ఎక్కి, పైన నిలబడి సముద్రాన్ని చూస్తుంది. దానిలో ప్రతి స్క్రూ నేను బిగించిందే. అయితే జూన్‌లో నాకు లీవింగ్ సర్ట్, అంటే మన ఇంటర్ అనుకోండి. "అబిగేయిల్‌కి చదువు మీద ధ్యాస లేదు. ఆ బండి శ్యాంకిచ్చేద్దాం" అని నాన్న తీర్పు చెప్పేశాడు. దాచిపెట్టడం కూడా కాదు, ఇచ్చేయడం! అదే జూన్‌లో శ్యాంకి జూనియర్ సర్ట్, అంటే మన టెన్త్ లాంటిది, ఉందని మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. వాడు అబ్బాయి కదా, బండరాళ్ళెక్కితే మార్కులు పెరుగుతాయేమో.

నేను వాదించాను. తలుపులు బాదాను. రెండు భోజనాల మధ్య ఆమరణ నిరాహారదీక్ష కూడా చేశాను. ఏదీ పారలేదు. అప్పుడిక బండికే జబ్బు తెప్పించాను. ముందు చక్రాల మధ్య ఇరుసుకి గుండ్రటి డబ్బాలాంటిది ఉంటుంది. పళ్ళ చక్రాలు తిరిగేది దాంట్లోనే. మూత విప్పి, అమ్మ చేసిన మిక్చర్‌లోంచి పుట్నాలు ఏరి, అందులో పోసి బిగించేశాను. రోగిష్టి బండిని ఎవరు పట్టుకెళ్తారు?

మావయ్య బూట్లు విప్పి లోపలికొచ్చాక హాల్లో దాన్ని మళ్ళీ నడిపి చూపించాను. టక్. కర్ర్. టక్.

"పోయింది మావయ్యా," అన్నాను, చావింట్లో మాట్లాడే గొంతుతో. "ఈ మోడల్‌కి వంశపారంపర్యం. మందు లేదు."

"డెడ్లీ!" అన్నాడు మావయ్య వెనకే వచ్చిన శ్యాం. ఇక్కడి పిల్లల భాషలో అదిరిపోయిందని అర్థం. "సౌండ్స్ లైక్ ఎ ట్రాక్టర్!"

వాడితో నాకెప్పుడూ ఇదే గొడవ. మావయ్య మొహంలోనైనా విచారం కనిపిస్తుందనుకున్నాను. పెళ్ళిభోజనం కనిపించింది.

"విప్పుదాం," అన్నాడు, చొక్కా చేతులు మడుస్తూ.

"వద్దు మావయ్యా. విప్పితే వారంటీ పోతుంది."

"బిగించింది నువ్వేనంటివి. వారంటీ నీకు నువ్వే రాసిచ్చుకున్నావా?"

బోర్లించిన గిన్నె మీద బండిని పెట్టాడు. నాలుగు చక్రాలూ గాలిలో తిరిగాయి. చప్పుడు అలాగే ఉంది. చెంచా కాడ చెవికి ఆనించి వినబోతే, అమ్మ తన డ్యూటీ బ్యాగులోంచి స్టెతస్కోప్ తెచ్చింది. అమ్మ నర్సు. పేషెంటు ఏ రూపంలో వచ్చినా ఊరుకోదు.

"ఆసుపత్రి సామానుతో ఆటలేంటి కృపా?" అన్నాడు నాన్న సోఫాలోంచి.

"మీరుండండి," అని మోటారు మీద ఆనించి కళ్ళు మూసుకుంది అమ్మ. "గుండె బాగానే కొట్టుకుంటోందిరా తమ్ముడూ. అరిగింది మోకాళ్ళే."

"ఏ మోకాలో తేల్చాలి," అన్నాడు మావయ్య. బండి మధ్యలో ఉన్న గేర్‌బాక్స్ నుంచి ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి సన్నటి కడ్డీలు వెళ్తాయి. వెనక కడ్డీ ఊడదీసి నడిపాడు. టక్, కర్ర్. దాన్ని మళ్ళీ తగిలించి ముందుది ఊడదీశాడు. ఈసారి నడిపితే చప్పుడే లేదు.

"చూశారా! ఆ కడ్డీయే దొంగ," అన్నాను నేను. "అది ఇప్పుడు ఎక్కడా దొరకదు. కంపెనీ కూడా చేతులెత్తేసింది."

"కడ్డీ కాదు పిల్లా, అది తిప్పేది ఇంకోటుంది. ముందు ఇరుసులో ఉంది తిరకాసు. ఆ స్క్రూడ్రైవర్ ఇలాగివ్వు."

ఇవ్వనన్నాను. శ్యాం ఇచ్చాడు.

మూత ఊడింది. లోపల గ్రీజుతో కలిసిన పసుప్పచ్చటి ముద్ద, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. మావయ్య ఫోను లైటు వేసి, వేలితో కొంచెం తీసి, భక్తిగా చూశాడు.

"లోపలుండే ఇత్తడి రింగు, బుష్, అరిగి పొడైపోయింది జాన్ బావా."

"మరి ఆ ఎరుపు?" అన్నాడు నాన్న.

"రాగి."

"రాగే," అన్నాను. "నాకెప్పట్నించో అనుమానం."

మావయ్య వేలు ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆగాడు. మళ్ళీ వాసన చూశాడు. "అక్కా, ఇత్తడికి వెల్లుల్లి వాసన వస్తుందా?"

అమ్మ వంగి చూసింది. నెమ్మదిగా లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిన్న ప్రార్థన కూటంలో ప్రిస్కిల్లా అక్క అందరి ముందూ అడిగింది, 'మిక్చర్‌లో పుట్నాలు మర్చిపోయావా కృపా' అని. గిన్నెడు వేశానంటే ఒక్కరూ నమ్మలేదు."

అందరూ నావైపు తిరిగారు.

"ఎలుకలు," అన్నాను.

"స్క్రూలు విప్పి, పుట్నాలు పోసి, మళ్ళీ బిగించే ఎలుకా?" అన్నాడు నాన్న.

డ్రోహెడా ఎలుకలు చాలా చదువుకున్నవని చెబుదామనుకున్నాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"నేనే పోశాను. శ్యాంకి వద్దనిపించాలని పోశాను. పరీక్షలని నా బండి లాక్కుని, పరీక్షలున్న వాడికే ఇస్తారా? మిక్చర్‌కి సారీ. దీనికి మాత్రం చెప్పను. మళ్ళీ ఇస్తానంటే మళ్ళీ పోస్తాను."

నాన్న శ్యాం వైపు చూశాడు. "నీకూ పరీక్షలేనా?"

"యా, జూన్‌లో. నేను అడగలేదు మావయ్యా, డాడే అడిగాడు. ఐ జస్ట్ సెడ్ గ్రాండ్." ఇక్కడ గ్రాండ్ అంటే సరేనని.

మావయ్య బండి మీంచి చెయ్యి తీసేశాడు. నాన్న గడ్డం గోక్కున్నాడు.

"బండి ఎక్కడికీ పోదు," అన్నాడు చివరికి. "జూన్ అయ్యేదాకా మా గదిలో బీరువాలో ఉంటుంది. తాళం నా దగ్గర."

ఓడిపోయానో గెలిచానో లెక్క తేలకముందే మావయ్య గుడ్డతో ఇరుసు తుడిచేసి, కొత్త గ్రీజు పూసి, మూత బిగించడం మొదలుపెట్టాడు. సగంలో ఆగి నా మొహం చూశాడు.

"వెనక ఇరుసులో ఏం లేవుగా?"

అబద్ధాలు చాలానే ఉన్నాయి కానీ, అమ్మ మెళ్ళో స్టెతస్కోప్ ఇంకా అలాగే ఉంది.

"పల్లీలు," అన్నాను. "మొదట వాటినే పోశాను. మెత్తగా నలిగిపోయాయి, చప్పుడు రాలేదు. అందుకే పుట్నాలకొచ్చాను."