హాజరు పుస్తకంలో సంతకాలు

మహేశ్వరి పద్దెనిమిదేళ్లుగా ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతోంది. మాదన్నపేట వెనక మురుగునీటి నాలా పక్క బస్తీలోనే పుట్టి పెరిగింది. తండ్రి బస్సుల మెకానిక్. ప్రజల సమ్మతి లేనిదే వాళ్ల మీద ఎవరికీ అధికారం ఉండదనే పాఠం ఆమెకు ప్రాణం. పిల్లలు పరీక్ష కోసం రాసుకునేవారు. ఆమె మాత్రం నిజంగానే నమ్మింది.

ఆ నమ్మకమే ఆ ఎండాకాలం ఆమె కొంప ముంచింది. కొంప అంటే ఆమెది కాదు. ఆమె ఇల్లు నాలాకు ఎడంగా, ఎత్తు మీద ఉంది. మునిగింది ఒడ్డునున్న ముప్పై ఒక్క ఇళ్లు.

నాలా వెడల్పు చేస్తామని, ఆ ఇళ్లు తీసేస్తామని, ముందుగా ప్రజాభిప్రాయం వింటామని గోడలకు నోటీసులు అంటించారు. సాయంత్రానికి బస్తీ అంతా మహేశ్వరి వాకిట్లో కూర్చుంది. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన గుండయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు.

“మీటింగు లేదు, గీటింగు లేదు. పిలిచి అడిగినోడు ఎన్నడన్న మన మాట ఇన్నడా? నేనైతే పోను. ఏ కాయితం మీద చెయ్యి పెట్ట,” అన్నాడు.

“పోకుంటే మనం ఒప్పుకున్నట్లే అనుకుంటరు తాతా. మాట్లాడితే మన మాట రికార్డుల ఉంటది. రేపు కోర్టుకు పోయినా గదే మనకు ఆధారం,” అంది మహేశ్వరి.

అందరూ చదువుకున్న మనిషి వైపే మొగ్గారు. గుండయ్య, అతని పక్కింటి వైకుంఠం తప్ప.

నాలుగు సాయంత్రాలు మహేశ్వరి వాళ్లకు మాట్లాడటం నేర్పింది. మార్కెట్లో ఆకుకూరలమ్మే రాజమణి మొదట ససేమిరా అంది. “మైకు పట్టుకుంటే నాకు కాళ్లు వణుకుతయ్ బిడ్డా.” మూడో రోజుకు ఆమే అందరికన్నా బాగా చెప్పింది. నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

సభ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. గుమ్మం దగ్గర బల్ల వేసి హాజరు పుస్తకం పెట్టారు. సంతకం చేసినవాళ్లకు నీళ్ల సీసా, సమోసా ఇచ్చారు. సంతకం రానివాళ్ల వేలు పట్టి, ముద్ర ఎక్కడ వేయాలో మహేశ్వరే చూపించింది. రాజమణి వేలు కూడా.

వేదిక మీదున్న అధికారి ఆమెను చూడగానే లేచి వచ్చాడు. “మేడమ్, గుర్తుపట్టారా? వేణుమాధవ్‌ని. మీ పేపర్లో కాలేజీ ఫస్ట్ నేనే.” మహేశ్వరికి గుండె నిండింది. మనవాడే ఉన్నాడు, ఇక భయం లేదనుకుంది.

నలుగురు మాట్లాడారు. అయిదో మనిషి రాజమణి. కాళ్లు వణకలేదు.

“తెల్లారక ముందే నేను మండిల ఉండాలె సార్. గీడికెల్లి నడిచి పోత. మీరు ఇల్లిస్తమంటున్న జాగ ఊరవతల ఉన్నదట. గాడికెల్లి నేనెట్ల రావాలె? నాలా సాఫ్ చెయ్యుండ్రి, మేం కూడ చేతులేస్తం. మమ్ముల మాత్రం తియ్యకుండ్రి.”

వేణుమాధవ్ తల ఊపుతూ రాసుకున్నాడు. తర్వాత టైమైపోయిందన్నారు.

మూడు వారాలకు ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మహేశ్వరి గల్లీలో నిలబడి చదివింది. ఇరవై తొమ్మిది కుటుంబాల వారు సభకు హాజరై, పథకాన్ని సూత్రప్రాయంగా అంగీకరించి, సంతకాలు చేశారు. రాతపూర్వకమైన అభ్యంతరాలేవీ అందలేదు. కింద జతపరిచింది హాజరు పుస్తకం నకలు.

“ఏంది బిడ్డా? ఏం రాసిండ్రు?” అని రాజమణి అడిగింది. మహేశ్వరి ఒక్కో వాక్యమే తెలుగులో చెప్పింది.

మర్నాడే ఆమె వేణుమాధవ్ ఆఫీసుకు వెళ్లింది. అతను కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

“వాళ్లు వద్దని చెప్పారు వేణూ. నువ్వు విన్నావు.”

“విన్నాను మేడమ్. కానీ అవి కోరికలు. అభ్యంతరమంటే రాసి ఇవ్వాలి. ఫార్మాట్ ఉంది.”

“ఆ సంగతి ఎవరు చెప్పారు వాళ్లకు?”

అతను ఫైలు మూశాడు. “మీరే చెప్పేవారు కదండీ, సమ్మతి నోటితోనే ఇవ్వక్కర్లేదు, వ్యవస్థలో పాలుపంచుకుంటే అదీ సమ్మతే అన్న సిద్ధాంతం ఉందని. పది మార్కుల ప్రశ్న. నాకు తొమ్మిదిన్నర వేశారు.” ఎగతాళి లేదు ఆ గొంతులో. “నేను కాకపోతే ఇంకొకరు సంతకం పెడతారు మేడమ్. మా పైవాళ్లకు కావలసింది ఒక సభ జరిగిందన్న కాగితం, అంతే.”

ఆ సిద్ధాంతాన్ని కొట్టిపారేసే వాదనలు కూడా ఆమె అప్పుడు క్లాసులో చెప్పింది. అవి సిలబస్‌లో లేవని అతను రాసుకోలేదు.

అందరూ కోర్టుకు వెళ్తే, గుండయ్యకూ వైకుంఠానికీ మాత్రం కూల్చొద్దని స్టే వచ్చింది. వాళ్ల సంతకం ఎక్కడా లేదు. మిగతావాళ్లతో వకీలు ఒక్క మాటే అన్నాడు. “మీటింగుకు పోకుంటే బాగుండు.”

మహేశ్వరి ఎదురైతే జనం పక్క గల్లీలోకి తిరిగిపోవడం మొదలుపెట్టారు. తిట్టినా బాగుండుననుకుంది. ఎవరూ తిట్టలేదు.

జేసీబీలు వచ్చిన రోజు ఆమె వాటి ముందు నిలబడబోయింది. రాజమణే రెక్క పట్టి పక్కకు లాగింది. “నువ్వు మంచికే చెప్పినవ్, తెలుసు. ఇంక సాలు, జరుగు.” ట్రాలీ ఆటో డ్రైవరు “జల్దీ కరో అమ్మా” అంటూ హారన్ కొడుతున్నాడు. రెండు పెట్టెలు, ఒక మంచం, కూరల గంపలు ఎక్కించారు.

స్టే ఉన్న రెండిళ్లూ మట్టికుప్పల నడుమ నెల రోజులు నిలిచాయి. పక్కిళ్లు కూల్చిన అదురుకు గోడలు పగిలాయి. నల్లా పైపు తెగింది, కరెంటు పోయింది. వైకుంఠం ముందు వెళ్లాడు. వానలు పడ్డాక గుండయ్య కూడా తాళం వేసుకుని బయల్దేరాడు. “నేను గెలిచిన బిడ్డా,” అన్నాడు మహేశ్వరితో. నవ్వాడో, ఏడ్చాడో తెలియలేదు.

దసరా సెలవుల్లో మహేశ్వరి మూడు బస్సులు మారి, ఊరవతల రాజమణికిచ్చిన ఫ్లాటుకు వెళ్లింది. లిఫ్టు పనిచేయడం లేదు. ఏడో అంతస్తు. రాజమణి తలుపు తీసి, కూర్చోమని, చాయ్ పెట్టింది. మండికి పోవడం మానేసిందట. ఆ అపార్ట్‌మెంట్లలోనే మెట్లు ఊడుస్తోందట. మోకాళ్లు నొప్పులట. బస్తీ మాట ఇద్దరూ ఎత్తలేదు.

“పెద్దమ్మా, నన్ను…” అని మహేశ్వరి మొదలుపెట్టింది.

రాజమణి ఖాళీ కప్పు అందుకుంది. “మల్ల రాకు బిడ్డా. మస్తు దూరం. నువ్వొస్తే ఊకె అన్నీ యాదికొస్తయ్.”

కోపమేమీ లేకుండానే తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. మహేశ్వరి ఏడంతస్తులూ దిగి, బస్సు కోసం నిలబడింది.