మునెప్ప ఈల

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. గదిలో ఎంతైనా కొట్లాడుకోవచ్చు, తలుపు తీసి బయటికొచ్చాక మాత్రం అందరిదీ ఒకటే మాట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం కబడ్డీ రెఫరీలు కలిసి సంఘం పెట్టిన నాటినుంచీ ఆ కట్టుబాటు తప్పినవాళ్లు లేరు. తప్పిన మొదటి ఘనుడు మన హరినాథ్. అదీ ఎట్లా తప్పాడని!

పోయిన నెల పుంగనూరులో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు చెంగల్రాయుడు, కార్యదర్శి అంబిక, సభ్యుడు హరినాథ్, అంతే ముగ్గురే. ముచ్చట మునెప్ప గురించి. ముప్పై ఏళ్లుగా ఈల ఊదుతున్న ఆ పెద్దాయన ఈమధ్య ఆటగాడి కాలు గీత దాటిందో లేదో చెప్పలేకపోతున్నాడు. ఒక్క టోర్నమెంటులోనే మూడుసార్లు రచ్చ అయింది. మదనపల్లె ఫైనల్‌కు ఆయన వద్దు, ఇకమీదట కూడా వద్దు, హరినాథ్ ఊదుతాడు అన్నాడు చెంగల్రాయుడు.

"ముందు కండ్లు సూపిద్దాం సార్. అద్దాలు పెట్టుకుంటే సరిపోతాదేమో. ఆయప్పతో ఒక్క మాటన్నా మాట్లాడకుండా తీసేస్తే ఎట్ల?" అని అంబిక గంటసేపు వాదించింది.

చివరికి చేతులెత్తమన్నారు. తీసేయాలని చెంగల్రాయుడు ఎత్తాడు. హరినాథ్ ఎత్తాడు. కమిటీ మాటే నా మాట అని, మునెప్పకు పంపే ఉత్తరం మీద కార్యదర్శిగా అంబికే సంతకం పెట్టింది.

నాలుగు రోజులకు ఆ ఉత్తరం చేతబట్టుకుని మునెప్ప బస్టాండులో హరినాథ్‌కు ఎదురుపడ్డాడు. "ఏమప్పా హరీ, నన్ను తీసేసినారా? యాల?"

ఆయన మొహం చూసేసరికి హరినాథ్‌కు నోరు పెగల్లేదు. పెగిలినప్పుడేమో ఇట్లా పెగిలింది. "నీకోసం శానా కొట్లాడినానన్నా. ఆ అంబికే, నేనెంత చెప్పినా వినల్యా."

ఛీ, ఏం మనిషి! చెప్పేసి బస్సెక్కి, కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషపడ్డాడు కూడా.

ఫైనల్ రోజు మైదానం నిండిపోయింది. మునెప్ప చూడటానికి వచ్చాడు. అంబిక ఎదురెళ్లి, "బాగుండావా అన్నా?" అని చేతులు జోడించింది.

"నీకు ఈల పట్టుకునేది నేర్పించిందే నేను. బాగా రుణం తీర్సుకున్నావు తల్లీ!" అన్నాడు మునెప్ప అందరికీ వినబడేటట్టు.

అంబిక మొహం పాలిపోయింది. ఒక్క మాట చాలు, తన మీద నింద తుడుచుకోవడానికి. ఆ మాట అనలేదు. హరినాథ్ వైపు ఒకసారి చూసి, "అది కమిటీ నిర్ణయమన్నా," అంది. అంతే.

మునెప్ప ఆమెను దాటొచ్చి, తన మెడలోని స్టీలు ఈల తీసి హరినాథ్ మెడలో వేశాడు. "నా పక్కన నిలబడినోడివి నువ్వొక్కడివే. దీంతో ఊదప్పా." చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

హరినాథ్‌కు చెవులు కాలిపోయాయి. భూమి చీలితే బాగుండుననిపించింది. అక్కడ చీలేదేముంది, మొన్న రోలరుతో తొక్కించిన నేల.

"అన్నా, తీసేయమని సెయ్యెత్తింది నేనే," అన్నాడు. "కొట్లాడింది అంబిక."

చప్పట్లు ఆగిపోయాయి. మునెప్ప హరినాథ్ దగ్గరికి జరిగాడు.

"నాకు కండ్లు ఆనడంల్యాదని నాకు తెల్దా? ఆ మాట నా మొగం సూసి నువ్వే చెప్పుంటే రెండు దినాలు బాధపడుంటాను, అంతే. ఆ బిడ్డను నాతో అంత మాట అనిపించినావు కదప్పా!"

హరినాథ్ ఈల తీసి ఇవ్వబోయాడు. మునెప్ప చెయ్యి చాపలేదు. "ఉండనీ. ఆట మొదలుపెట్టల్ల, పో."

అంబిక స్కోరు బల్ల పక్కన కుర్చీ వేసి మునెప్పను కూర్చోబెట్టింది. హరినాథ్ గీత దగ్గరికి వెళ్లి ఈల నోట్లో పెట్టుకున్నాడు. అది ఇంకా మునెప్ప ఒంటి వేడితోనే ఉంది. మొదటిసారి సరిగా మోగలేదు. ఆటగాళ్లు హరినాథ్ వైపు చూశారు. రెండోసారి ఊదాడు. చూపు ఆనని మునెప్ప తల వంచుకుని, చెవి ఇటు పెట్టి వింటున్నాడు. ఇంకా నలభై నిమిషాల ఆట ఉంది.