తుంచని రొట్టె

ఠాణాల్లో ఖైదీలను కొడుతున్నారేమో చూసే స్వతంత్ర సంఘం తరఫున బురుల్చా ఆ ఠాణాకు చెప్పాపెట్టకుండా వచ్చింది. అయినా అధికారి ఎర్నిస్ గుమ్మంలోనే వేడి రొట్టెతో ఎదురొచ్చాడు. ఎవడో ముందే ఉప్పందించాడన్నమాట.

"ఓ ముక్క తుంచి లోపలికి రా అక్కా. రొట్టె కాదంటే ఇంటికి అరిష్టం."

తుంచితే అతిథి అయిపోతుంది. ఉప్పు తిన్న ఇంట్లో తప్పులెంచడానికి నోరు రాదని ఎర్నిస్ ధీమా.

"ముందు మీ ఖైదీని తుంచనీ," అంటూ ఆమె రొట్టె అందుకుని గదుల వైపు నడిచింది.

"వాడికి నలతగా ఉందక్కా, పడుకున్నాడు."

"లేపు."

గొర్రెల దొంగతనం అనుమానంతో పట్టుకొచ్చిన మెలిస్ గోడకానుకుని కూర్చున్నాడు. ఉతికిన చొక్కా, దాని చేతులు వేళ్లదాకా దిగి ఉన్నాయి. ఒంటిమీద దెబ్బేదీ కనబడలేదు.

"నన్నెవరూ ఏమీ అనలేదు," అన్నాడు అడక్కముందే, ఎర్నిస్ వంక బెదురుగా చూస్తూ.

ఆమె రొట్టె అతని ముందు పట్టింది. రొట్టెను రెండు చేతులతో అందుకోవాలని ఆ ప్రాంతంలో పాలు మరవని పిల్లలకూ తెలుసు. మెలిస్ ఎత్తబోయాడు, చేతులు లేవలేదు. సిగ్గుతో తల వంచి, నోటితో కొరికాడు.

బురుల్చా ఎర్నిస్ వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు తమ్ముడూ. మీ ఇంట్లో రొట్టె ఇలాగే తింటారా?"