రెండు వందల పద్నాలుగో ల్యాంపు

భూపాలపల్లిలో గనిని గని అనేవాడు ఆఫీసరైనా అయి ఉండాలి, పేపరువాడైనా అయి ఉండాలి. మిగతా అందరికీ అది బాయే. ఆ బాయి మీద ల్యాంపు రూం పెద్దులుది. బాయి దిగే ప్రతి మనిషీ అతని కిటికీ దగ్గర ఆగి, నెత్తికి పెట్టుకునే ల్యాంపు తీసుకోవాలి. ఎక్కి వచ్చాక తిరిగి ఇవ్వాలి. ఇచ్చినప్పుడు ఒక గీత, పుచ్చుకున్నప్పుడు ఒక గీత పుస్తకంలో పడాలి. తిరిగి రాని ల్యాంపు ఒకటుందంటే లోపల మనిషి చిక్కుకున్నాడని అర్థం. అందుకే రాయకుండా ల్యాంపు ఇవ్వడం పెద్దులు చేతికి రాదు. దేవుడే దిగి వచ్చి అడిగినా నంబరు వేసుకునే ఇస్తాడు. ఇరవై రెండేళ్ల అలవాటు మరి. ఆ అలవాటే తన కొంప ముంచుతుందని రెండున్నరేళ్లు భయపడ్డాడు. చివరికి మునిగింది పాపయ్య కొంప.

ఆ పాపయ్య కూతురు సంగీత ఒక శుక్రవారం పొద్దున పెద్దులు ఇంటికి వచ్చింది. జనగామలో ఇంజనీరింగు కాలేజీ కంప్యూటరు ల్యాబులో ఆ పిల్లకు ఉద్యోగం. ముందురోజే ఢిల్లీలో తెలంగాణ బిల్లు గట్టెక్కింది. వీధులన్నీ గులాలుతో ఎర్రబడి ఉన్నాయి, మనుషుల చెవుల్లో కూడా గులాలే. సంగీత మీద మాత్రం చుక్క రంగు లేదు. చేతిలో కాయితాల కట్ట ఉంది.

"పెద్దులు కాకా, మంచిగున్నవా?"

పెద్దులు లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ ఇంటి మనుషులు ఎదురొస్తే సందు మారినవాడు. గడపలోకి వచ్చినవాళ్లను తప్పించుకు పోవడానికి ఏ సందుంది? మంచం వాల్చి కూర్చోమన్నాడు.

సంగతేమిటంటే, 2011లో సకల జనుల సమ్మె జరిగినప్పుడు బాయి నెల దాటి మూతపడింది. బొగ్గు తట్ట కదల్లేదు. సమ్మె ముగిశాక ఆఫీసు కంప్యూటరు లోంచి ఒక జాబితా ఎవరో బయటికి తెచ్చి, గేటు గోడకు అంటించారు. సమ్మె రోజుల్లో మస్టర్ పడ్డవాళ్ల జాబితా, అంటే హాజరైనవాళ్లది. పదకొండు పేర్లు. పదిమంది నిజంగానే దొంగచాటుగా వచ్చి బాయి పైన పనులు చేసినవాళ్లు, బదిలీలు చేయించుకుని పోయారు. పదకొండోవాడు పంపు నడిపే పాపయ్య. ఆ రోజులన్నీ అతను మహబూబాబాద్‌లో, మనవాళ్ల నోట మానుకోటలో, జ్వరంతో పడి ఉన్న భార్య సరోజకు గంజి కాచి పోస్తున్నాడు. ఎంత చెప్పినా వినేదెవరు? "హాజరు మిషన్‌కు నీ మీద పగనారా?" అన్నారు. క్వార్టరు తలుపు మీద సుద్దతో ద్రోహి అని రాశారు. క్యాంటీన్‌లో అతను కూర్చున్న బల్ల మీద రెండో మనిషి కూర్చోలేదు. ఏడాది ఓర్చుకుని, నౌకరీ వదిలేసి మానుకోట వెళ్లిపోయాడు. ఇప్పుడు దమ్ముతో, ఊపిరాడక, మంచం పట్టాడు.

"కాకా, కార్డు గీకే మిషనున్నది గదా," అంది సంగీత. "దాని లోపలి ప్రోగ్రాం చేసింది హైదరాబాదుల ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ. వాళ్లు పోయిన నెల తమ పాత ప్రోగ్రాములు కొన్ని ఓపెన్ సోర్స్ అని నెట్‌ల పెట్టిండ్రు. అంటె లోపల ఏం రాసిండ్రో ఎవ్వరన్న సదువొచ్చు, ఎవ్వరన్న వాడుకోవచ్చు. పుణ్యానికే."

"అంత పెద్ద కంపెనీ పుణ్యానికి ఎందుకిస్తదే?"

"పాతగైంది కాకా. కొత్తది అమ్ముకుంటున్నరు. ఇది పంచితె నలుగురు మెచ్చుకుంటరు. మన బాయి ప్రోగ్రాం గూడ అండ్లున్నది. నెల దినాలు కూసొని సదివిన."

కట్టలోంచి ఒక కాయితం తీసింది. పెద్దులుకు అందులో ఇంగ్లీషు ముక్కలు, బ్రాకెట్లు తప్ప ఏమీ తెలియలేదు. మధ్యలో నాలుగు వరుసల కింద ఎర్ర గీత ఉంది.

"దిగినప్పుడు కార్డు గీకినోడు, ఎక్కినప్పుడు గీకకపోతె, వాడింక లోపల్నే ఉన్నడనుకోవాలె అని రాసిండ్రు. ప్రమాదమైతె మనిషిని మర్చిపోవద్దని. మంచి మాటే. కాని దాని కింద, లోపలున్నంత కాలం రోజుకొక మస్టర్ వెయ్యమని గూడ రాసిండ్రు. లోపల మనిషున్నడని తెర మీద ఎర్రగ చూపిస్తదంట. సమ్మెల ఆఫీసుకు తాళమాయె, చూసెటోడెవడు? బాపు సమ్మె ముందురోజు ఎక్కినంక కార్డు గీకుడు మర్చిపోయిండు కాకా. గంతే. అన్ని దినాలు ఆ మిషన్ లెక్కల బాపు బాయి లోపల్నే ఉన్నడు."

అది తప్పని పెద్దులుకు తెలుసు. పాపయ్య మర్చిపోలేదు. ఆ రోజు పొద్దటి షిఫ్టులో అందరికంటే ఆఖరున ఎక్కింది అతనే. రెండు వందల పద్నాలుగో నంబరు ల్యాంపు కిటికీలో పెట్టాడు. గేటు దగ్గర ర్యాలీ కదులుతోంది, డప్పులు మోగుతున్నాయి. పెద్దులు గీత గీసి, తాళం వేసి, ఉరుకుతూ వచ్చి పాపయ్య చెయ్యి పట్టాడు. "కార్డు గీకొస్త ఆగు," అన్నాడు పాపయ్య. "రేపటి సంది మస్టరే లేదు, కార్డెందుకే అన్నా, రా!" అని పదడుగుల దూరంలో ఉన్న మిషన్ దాటించి, జనంలోకి గుంజుకుపోయింది పెద్దులే. ఇద్దరూ గొంతు బొంగురుపోయేదాకా జై తెలంగాణ అని అరిచారు.

"యూనియన్ నర్సింగరావు సారుకు చూపెట్టిన," అంది సంగీత. "మిషన్ గట్ల చెయ్యొచ్చు అని ఇండ్ల ఉన్నది, మీ బాపు కాడ గట్లనే అయిందని ఎవడు జెప్పాలె అన్నడు. ల్యాంపు వాపసు ఇచ్చినట్టు రాత దెస్తె ఆదివారం సభల తానే బాపు పేరు సదువుతనన్నడు. సమ్మె చేసినోళ్లందరికి శాలువలు కప్పుతరంట గదా. శాలువ వద్దు కాకా. మైకుల ఒక్కసారి పేరు వినబడితె చాలు. డాక్టరు ఎక్కువ రోజులు చెప్తలేడు. నీ ల్యాంపు పుస్తకం ఉంటె ఒక్కసారి జూపెట్టు."

పుస్తకం ఉంది. వాళ్లు కూర్చున్న మంచం కిందే, రేకు పెట్టెలో, పాత దుప్పటి మడతలో ఉంది. సమ్మె ముందురోజు, పన్నెండో తారీఖు పేజీలో 214 ఎదురుగా రెండు గీతలూ ఉన్నాయి. కాకపోతే దాని తర్వాత ఇంకో పేజీ కూడా ఉంది. సమ్మెలో మూడు పొద్దులు మేనేజరు పెద్దులును పిలిపించాడు. పంపులు ఆగితే బాయి మునుగుతుంది, నలుగురు ఆఫీసర్లు దిగాలి, తాళం తియ్యమన్నాడు. పెద్దులుకు కాదనే ధైర్యం చాల్లేదు. యూనియన్‌కు చెప్పే ధైర్యమూ చాల్లేదు. తాళం తీశాడు, ల్యాంపులు ఇచ్చాడు, ఇచ్చాక చెయ్యి ఊరుకోక పుస్తకంలో రాశాడు. కార్డు గీకలేదు గనక మిషన్ అతన్ని పట్టుకోలేదు. పట్టించేది తన సొంత దస్తూరీ ఒక్కటే.

"చెదలు వట్టినయి బిడ్డా," అన్నాడు. "పాత పుస్తకాలన్ని తిన్నయి."

సంగీత కాయితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "బాపు నీ కాడికి పోవద్దనె. కోపానికి గూడ వచ్చిండు. నేనే ఆగలేక వచ్చిన," అని లేచింది. పాపయ్యకు కోపం రాదా మరి, గుంజింది నేనేనని తెలిశాక అనుకున్నాడు పెద్దులు. ఆ పిల్ల సందు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడ్డాడు.

ఆదివారం సభ బ్రహ్మాండంగా జరిగింది. పేర్లు చదువుతుంటే పటాకులు పేలాయి. పెద్దులు పేరూ చదివారు. నర్సింగరావే శాలువ కప్పి, వీపు మీద చరిచాడు. పాపయ్య పేరు ఉండాల్సిన చోట ఇంకెవరి పేరో వచ్చింది. శాలువ కింద పెద్దులుకు ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. సిగ్గుతో చావడమంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది.

సోమవారం సెలవు పెట్టి, పుస్తకాన్ని శాలువలో చుట్టి బయలుదేరాడు. రేగొండ మీదుగా బస్సు, వరంగల్లులో రైలు. మానుకోటలో దిగి అడుగుతూ పోయేసరికి మధ్యాహ్నం దాటింది. సరోజ తలుపు తీసి, గుర్తుపట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. పాపయ్య గోడకు దిండ్లు పేర్చుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఈల వేస్తోంది.

"వచ్చినవా పెద్దులూ. సంగీత మందులకు పోయింది, వస్తది. కూసో."

పెద్దులు కూర్చోలేదు. శాలువ విప్పి పుస్తకం మంచం మీద పెట్టి, పాపయ్య కాళ్లు పట్టుకున్నాడు. "అన్నా, నీ చెయ్యి వట్టి గుంజింది నేనే. ల్యాంపు రాసింది నేనే. చెదలని బొంకింది నేనే."

"గుంజింది నువ్వని నాకు మొదటి సందే యాదున్నది."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"చెప్తె నీ పుస్తకం అడుగుతరు. పుస్తకం తీస్తె తర్వాతి పేజీలు గూడ తిరగేస్తరు." పాపయ్య ఊపిరి కోసం ఆగాడు. "సమ్మె అయినంక మొదటి షిఫ్టుల దిగి, నీళ్లు చేరే సంపు కాడికి పోయిన. నెల దాటి పంపు ఆడకపోతె నడుముల దాక ఉండాలె. మోకాలు తడవలే. ఎవరో దిగి పంపు నడిపిండ్రు. దిగినోళ్లు చీకట్ల దిగరు గద, ల్యాంపులు దీస్కపోతరు. తాళం నీ కాడుంటది. నువ్వు రాయకుంట ఇయ్యవు. నీకు ముగ్గురు చిన్న పిల్లలు. నా బిడ్డ చేతికచ్చింది. మునిగిన కాడికి నేనొక్కన్నే మునుగుత అనుకున్న."

పెద్దులు ఏడ్చాడు. గోడకు ఆనుకుని, యాభై ఏళ్ల మనిషి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సరోజ లోపలికి వెళ్లిపోయింది.

"ఏడ్వకు. సభ అయిపాయె, శాలువలు పంచుకుంటిరి. నా బాధ గది గాదు," అన్నాడు పాపయ్య. "బిడ్డ నెల దినాలు కూసొని ఆ మిషన్ రాత సదివింది. అందరు శభాష్ అంటున్నరు. కాని సమ్మెల నేను డ్యూటీకి పోలేదు బిడ్డా అని దానికి ఎన్నిసార్లు చెప్పిన! నా మాట నమ్మితె, మిషన్‌నెందుకు అడుగుతదిరా?"

గుమ్మంలో చప్పుడైంది. సంగీత మందుల పొట్లం పట్టుకుని నిలబడి ఉంది. ఆఖరి మాట విన్నదని ముఖమే చెబుతోంది. లేదు బాపూ, నేను నమ్మిన అంటుందేమోనని పెద్దులు ఆశగా చూశాడు. అనలేదు. అబద్ధం ఆడటం ఆ పిల్లకు చేతకాలేదు. వచ్చి పొట్లం గూట్లో పెట్టింది.

"బిడ్డా, చెదలు తినలే. ఇగో పన్నెండో తారీఖు, నీ కండ్లతోని చూడు," అని పెద్దులు పుస్తకం చాచాడు. సంగీత అందుకుంది. అట్ట మీద వేళ్లు ఆగాయి. తెరవకుండానే తిరిగి అతని చేతిలో పెట్టింది.

"వద్దు కాకా. నేనింకేం సదవ."

"సదువు బిడ్డా. అంత దూరం దెచ్చిండు," అన్నాడు పాపయ్య.

సంగీత తల అడ్డంగా ఊపి, తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, మంచం పట్టెకు నుదురు ఆనించింది. పాపయ్య చెయ్యి లేచి ఆ తల మీద పడింది. ఆ ఇంట్లో పెద్దులుకు ఇంక పని లేదు. శాలువ మంచం కొసన వదిలేసి, పుస్తకం చంకన పెట్టుకుని బయటికి వచ్చాడు.

మర్నాడు పొద్దటి షిఫ్టుకు ముందు గేటు దగ్గర చాయ్ కొట్టులో పదిమంది ఉన్నారు. నర్సింగరావూ ఉన్నాడు. పెద్దులు బల్ల మీద పుస్తకం తెరిచి, పన్నెండో తారీఖు గీతలు చూపించాడు. ఆపకుండా తర్వాతి పేజీ కూడా తిప్పాడు. సమ్మెలో మూడు పొద్దులు, నాలుగేసి ల్యాంపులు, ఇచ్చింది పెద్దులు. ఇప్పుడు చెప్పు తీస్తారు, ఇప్పుడు మీద పడతారు అని కళ్లు మూసుకున్నాడు.

నర్సింగరావు నవ్వాడు. "గిదేనా? పంపులు ఆడకపోతె బాయే మునుగుతుండె. మంచి పనే చేసినవ్ గద పెద్దులన్నా! అప్పుడు చెప్పినా గదే అంటుంటిమి."

"మరి పాపయ్య?"

"రాష్ట్రమే వచ్చె, ఇంకా పాత ముచ్చటెందుకే. మల్ల సభ వెట్టినప్పుడు చూద్దాం తియ్," అని చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. మిగతావాళ్లూ లేచారు. ఒకడు పోతూ పోతూ పెద్దులు భుజం తట్టాడు.

షిఫ్టు సైరన్ మోగింది. పెద్దులు తాళం తీసి కిటికీ తెరిచాడు. వరుసలో మూడోవాడు కొత్తగా చేరిన మనిషి. నంబరు చెప్పమంటే రెండు వందల పద్నాలుగు అన్నాడు. పెద్దులు చేతిలో కలం ఆగింది.

"ఏందన్నా, ల్యాంపు లేదా?"

"ఉన్నది," అని పెద్దులు నంబరు రాసుకుని ల్యాంపు చేతికిచ్చాడు.