డార్లీన్ రాసిన ఎర్ర చీటీ

డార్లీన్ ప్రూయిట్ నోరు జారిందంటే టైటస్‌విల్‌లో ఎవరూ నమ్మేవారు కాదు. అంగుళానికి ఇన్ని కుట్లు అని లెక్కపెట్టుకుంటూ ఇరవై రెండేళ్లు గడిపిన మనిషి. మాట్లాడితే లెక్క తప్పుతుందని భయపడి భయపడి చివరికి ఇంట్లో కూడా ముక్తసరిగా మాట్లాడడం అలవాటైపోయింది. అలాంటి డార్లీన్, అట్లాంటిస్ అనే అంతరిక్ష షటిల్ ఆఖరిసారిగా ఎగిరిన శుక్రవారం నాడు, నది ఒడ్డున అంత జనం మధ్యలో, టీవీ అమ్మాయి మైకు పెట్టగానే ఒక్క మాట అనేసింది.

"మీరు షటిల్‌కి పనిచేశారట కదండీ, ఇదే ఆఖరిది కదా, మీకెలా ఉంది?" అని అడిగింది ఆ అమ్మాయి. ఏడుపు వస్తుందేమోనని కెమెరా కుర్రాడు ఇంకాస్త దగ్గరికి కూడా వచ్చాడు.

"హమ్మయ్య అనిపిస్తోందమ్మా. ఇంక అయిపోయింది," అంది డార్లీన్.

సాయంత్రం ఆరింటి వార్తల్లో వేశారు. అది చాలదన్నట్టు తెల్లారి మళ్లీ వేశారు. ముప్పై ఏళ్ల షటిల్ ముగుస్తోంది, దానితో పాటు వేల మంది ఉద్యోగాలూ ముగుస్తున్నాయి, వీధికి నాలుగిళ్ల ముందు 'అమ్మబడును' బోర్డులు వేలాడుతున్నాయి. ఆ ఊళ్లో మనిషి, అందులోనూ లోపల పనిచేసిన మనిషి, హమ్మయ్య అన్నది.

నిజానికి ఆ వారం ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కోలా ఉన్నారు. టైర్ల కొట్టువాడు 'క్షేమంగా వెళ్లి రా అట్లాంటిస్' అని బోర్డు పెట్టి, దాని కిందనే టైర్ల మీద తగ్గింపు కూడా రాశాడు. మంగలి షాపులో కూర్చున్న పెద్దమనుషులు వాషింగ్టన్ వాళ్లని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఇకమీదట మనవాళ్లు రష్యా బండెక్కి పైకి పోవాలట అని ఒకాయన అంటే, అయితే టిక్కెట్టు ముందే కొనుక్కోమను అని ఇంకొకాయన అన్నాడు. చొక్కాలమ్మేవాడు మాత్రం ఆనందంగా ఉన్నాడు. ఏది ముగిసినా వాడికి చొక్కాలు అమ్ముడుపోతాయి. ఇన్ని రకాల గోలలోనూ ఊరంతా ఏకమైన విషయం ఒకటే, డార్లీన్ అలా అనకూడదు.

సోమవారం పొద్దున్న పనికి వెళ్తూ ఆమె రోజూ ఆగే హోటల్లో ఆగితే, వడ్డించే ఓపల్ కాఫీ కప్పు టకీమని పెట్టింది.

"హమ్మయ్యగారికి గుడ్లు ఎలా కావాలో?"

"ఎప్పటిలాగే, ఓపల్."

"ఎప్పటిలాగే అనేది ఇంకేం మిగిలింది తల్లీ? వచ్చే నెల నుంచి ఈ హోటల్లో ఎవడు తింటాడు? పెలికన్ పక్షులు తింటాయా?"

డార్లీన్ కాఫీ కప్పు దగ్గరికి లాక్కుంది. ఓపల్ కోపం రెండు రోజుల కోపమని ఆమెకు తెలుసు. మంగలి షాపు కోపం కూడా అంతే. ఆమెను కాల్చుతున్నది ఇవేవీ కావు. కుట్టు గదిలోని స్నేహితురాలు యువోన్ మాట్లాడడం మానేసింది, అదీ అసలు బాధ.

పనివాళ్లు ఓడ అని పిలుచుకునే షటిల్ ఒంటి మీద వేడి తగలకుండా తెల్లటి బొంతలు పరుస్తారు. ఇసుకతో చేసిన దారంతో నేసిన గుడ్డ, మధ్యలో దూది లాంటిది, పైన చదరాలు చదరాలుగా కుట్లు. మన అమ్మమ్మలు కుట్టే బొంతే, కాకపోతే ఇది నిప్పుల్లోంచి రావాలి. డార్లీన్ కుట్టేది. ఆమె కుట్టినదాన్ని యువోన్ తనిఖీ చేసేది. భూతద్దం పెట్టుకుని ప్రతి కుట్టూ చూసి, బాగుంటే తన నంబరున్న చిన్న ముద్ర కొట్టేది. ఆ ముద్ర పడనిదే బొంత గది దాటదు. ఇరవై రెండేళ్లలో యువోన్ చూడకుండా ఒక్క ముద్ర కొట్టలేదు, స్నేహితురాలని ఒక్క వంకర కుట్టూ వదల్లేదు. డార్లీన్ కూతురి పెళ్లికి కేకు చేసిపెట్టి, ఆ మర్నాడే డార్లీన్ బొంత వెనక్కి పంపిన ఘనురాలు.

యువోన్ భర్త క్లారెన్స్‌ది కూడా అక్కడి ఉద్యోగమే. వసంతకాలంలోనే పోయింది. వాళ్ల ఇంటి ముందు కూడా బోర్డు వేలాడుతోంది. ఆ ఇంటివాళ్లు టీవీలో డార్లీన్‌ను చూశారు.

కుట్టు గదిలో ఇక కుట్టేదేమీ లేదు. మిషన్లకు సంచులు తొడగడం, పెట్టెల మీద పేర్లు అంటించడం, అంతే. యువోన్ తన బల్లను గోడ వైపు తిప్పుకుంది. మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని కారులో కూర్చుని తింది, ఆ జూలై ఎండలో. బయట కారులో కూర్చుని ఉడికిపోవడానికైనా సిద్ధపడింది గానీ డార్లీన్ ఎదుట కూర్చోవడానికి కాదు.

"వెళ్లి సారీ చెప్పరాదూ?" అన్నాడు బాయిడ్ ఆ సాయంత్రం, వెనక దొడ్లో రొయ్యలు కాలుస్తూ. బాయిడ్ డార్లీన్ మొగుడు. నిమ్మ, నారింజ తోటల్లో పనిచేసి మానేసినవాడు. ప్రపంచంలో ఏ గొడవైనా కాసిని రొయ్యలతో తీరుతుందని అతని గట్టి నమ్మకం.

"దేనికి సారీ?"

"అన్నదానికి."

"అన్నది అబద్ధం కాదు కదా, బాయిడ్."

"అయితే ఎందుకలా మొహం వేలాడేసుకుని కూర్చున్నావ్? ఓ పళ్లెం రొయ్యలు పట్టుకెళ్లు. రొయ్యలు చూస్తే ఎవరైనా తలుపు తీస్తారు."

డార్లీన్ రొయ్యలు పట్టుకెళ్లలేదు. కుట్టు గదిలో ఇరవై రెండేళ్లు ఉన్న మనిషి ఏం చేస్తుందో అదే చేసింది. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. తప్పు జరిగితే ఎవరికి వాళ్లు గుట్టుగా విప్పి కుట్టేసుకోకూడదు. ఎర్ర చీటీ రాయాలి. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎంత అన్నది రాసి, సంతకం పెట్టి, తనిఖీ పళ్లెంలో పెట్టాలి. రాసినవాళ్లు దాన్ని మూసేయడానికి వీల్లేదు. ఇంకొకరు చూసి, ఏం చేయాలో తేల్చి, ముద్ర కొట్టాలి. అప్పుడే మూతపడినట్టు.

మంగళవారం పొద్దున్న మిగిలిపోయిన చీటీల కట్టలోంచి ఒకటి చింపి, 'టీవీలో అన్న మాటకు క్షమించు' అని రాసి, యువోన్ పళ్లెంలో పెట్టింది.

మధ్యాహ్నానికల్లా చీటీ వెనక్కి వచ్చింది. యువోన్ గుండ్రటి అక్షరాల్లో: 'క్షమాపణ వివరణ కాదు. ఏం జరిగిందో రాయాలి. తిరస్కరించడమైనది.'

డార్లీన్‌కు ఒళ్లు మండింది. వెంటనే ప్రాణం లేచొచ్చింది కూడా. మాట్లాడకపోతేనేం, తిరస్కరించింది కదా! పట్టించుకోని మనిషి పళ్లెంలోంచి తీసి కూడా చూడదు.

బుధవారం రెండోది పెట్టింది. 'నా మాట వల్ల ఎవరికైనా బాధ కలిగి ఉంటే' అని మొదలుపెట్టి. అది గంటలో తిరిగొచ్చింది. 'కలిగి ఉంటే ఏమిటి? కలిగిందా లేదా? లోపం ఉందో లేదో తెలియకుండా చీటీ రాయరాదు. కారణం గడి ఖాళీగా ఉంది.'

కారణం గడి. డార్లీన్ ఆ గడి వైపు ఐదు రోజులు చూసింది. వంట చేస్తూ చూసింది, చర్చిలో పాట పాడుతూ చూసింది. ఆఖరికి షటిల్ దిగడానికి మూడు రోజుల ముందు, సోమవారం, మిషన్ల మధ్య నేల మీద కూర్చుని రాసింది. గడి చాలక వెనక వైపు కూడా రాసింది.

'2003 ఫిబ్రవరిలో ఏడుగురితో వెళ్లిన ఓడ తిరిగి రాని రోజున, ఊడింది నా కుట్టేనా అని నన్ను నేను అడిగాను. కారణం వేరే అని పెద్దవాళ్లు తేల్చారు. బొంతలకు సంబంధం లేదన్నారు. ఆ రిపోర్టు మొత్తం చదివాను. అయినా ఆ రోజు నుంచి ఓడ ఎగిరితే దిగేదాకా నాకు అన్నం సరిగా దిగదు. పైన ఉన్నవాళ్ల పేర్లు తలుచుకుంటూ పడుకుంటాను. ఇక నా కుట్లను నమ్ముకుని ఎవరూ పైకి వెళ్లరు. అందుకే హమ్మయ్య. ఉద్యోగాలు పోయినందుకు కాదు. ఈ మాట బాయిడ్‌కి కూడా చెప్పలేదు.'

సంతకం పెట్టి, పళ్లెంలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

ఈసారి చీటీ తిరిగి రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం పళ్లెమే లేదు, పెట్టెలోకి సర్దేశారు. సరే, అయిపోయింది అనుకుంది డార్లీన్. ఇరవై రెండేళ్ల స్నేహం ఒక చెత్తబుట్టలో ఉందనుకుంది.

గురువారం తెల్లవారకముందే పనివాళ్లందరినీ ఓడ దిగే చోటుకు రానిచ్చారు. డార్లీన్ వెళ్లకూడదనే అనుకుంది. బాయిడ్ కారు తాళాలు చేతిలో పెట్టి, "తినకుండా ఇక్కడ గోడలు చూస్తూ కూర్చుంటావా, అక్కడ ఆకాశం చూస్తూ కూర్చుంటావా?" అన్నాడు. చెప్పకపోయినా అతనికి అంతా తెలుసని ఆమెకు అప్పుడు తెలిసింది.

దోమలు పీక్కు తింటున్నాయి. వేల మంది ఉన్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. షటిల్ దిగేముందు ఊరి మీద రెండు పిడుగులు పడ్డట్టు రెండు చప్పుళ్లు వస్తాయి. అవి వినపడితే ఓడ ఇల్లు చేరినట్టే. ఎనిమిదేళ్ల కిందట ఒక పొద్దున్న అవి రాలేదు. అక్కడ నిలబడ్డవాళ్లలో ఆ పొద్దున్నను మరిచిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. డార్లీన్ అందరికీ వెనగ్గా, కంచె దగ్గర, రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడింది.

ఢాం, ఢాం.

జనం ఒక్కసారిగా అరిచారు, ఏడ్చారు, పక్కనున్నవాళ్లను పట్టుకుని ఊపేశారు. కాసేపటికి చీకట్లోంచి అట్లాంటిస్ వచ్చి నేలను తాకి, పరుగెత్తి, ఆగింది. నలుగురూ క్షేమం. డార్లీన్ కంచె పట్టుకుని కిందికి కూర్చుండిపోయింది. చీర కట్టుకునే దేశమైతే కొంగు నోట్లో కుక్కుకునేది, ఇక్కడ చొక్కా కాలరుతో సరిపెట్టుకుంది.

"లే. గడ్డిలో పాములుంటాయి."

యువోన్. చేతిలో రెండు బిస్కెట్లు, అంటే అక్కడి మెత్తటి బన్నులు, మధ్యలో పందిమాంసం ముక్క పెట్టినవి, కాగితంలో చుట్టి ఉన్నాయి.

"తిను ముందు. సరిగ్గా తిని పదమూడు రోజులైందిగా."

డార్లీన్ తిన్నది. తింటున్నంతసేపూ యువోన్ పక్కనే నిలబడింది. ఎండ పైకి వచ్చాక ఓడను షెడ్డుకు లాక్కెళ్తారు, పనివాళ్లందరూ దారి పక్కన నిలబడతారు, ఆ వరుసలో ఇద్దరూ భుజం భుజం ఆనించి నిలబడ్డారు. అట్లాంటిస్ నడక వేగంతో, అతి దగ్గరగా వచ్చింది. తెల్ల బొంతలు అక్కడక్కడ మాడి, గోధుమరంగు తిరిగి, ఒక్కటి కూడా ఊడకుండా ఉన్నాయి. యువోన్ కళ్లద్దాలు పైకి తోసుకుని ముక్కు దగ్గర్నుంచి తోక దాకా చూసింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

ఓడ దాటిపోయాక జేబులోంచి ఎర్ర చీటీ తీసింది. దానితో పాటు ముద్ర కూడా.

"ఆ ముద్ర ఇంకా ఇచ్చెయ్యలేదా నువ్వు?"

"పన్నెండింటికల్లా ఇవ్వాలి. వంగు."

"ఏంటి?"

"వంగవే. బల్ల ఏదిక్కడ?"

డార్లీన్ వంగింది. వీపు మీద చీటీ పరిచి యువోన్ ఒక్క దెబ్బ వేసింది.

"మూడు రోజులు ఎందుకు పట్టుకుని కూర్చున్నావ్ మరి? నేనెంత..."

"ఓడ దిగకుండా ఎలా మూసేది? చూడకుండా నేనెప్పుడైనా ముద్ర కొట్టానా?"

డార్లీన్ చీటీ అందుకుంది. 'కుట్లన్నీ చూడడమైనది. లోపం లేదు,' అని ఉంది. దాని కింద, వేరే రోజు వేరే పెన్నుతో రాసినట్టు, ఇంకొక వరుస. 'ఇదే బెంగ తనిఖీ చేసిన మనిషిలోనూ ఉన్నది. ఎనిమిదేళ్లుగా. నమోదు చేయలేదు.'

డార్లీన్ ఆ వరుసను రెండోసారి చదివింది.

"ప్రతి దాని మీదా నా నంబరే కదే," అంది యువోన్, దారి వైపే చూస్తూ. "నువ్వు కుట్టావ్ అంతే. బాగుందని చెప్పింది నేను. టీవీలో నువ్వు హమ్మయ్య అంటుంటే, ఆ సోఫాలో క్లారెన్స్ పక్కన కూర్చుని, నాకూ అదే అనిపించింది. ఇల్లు అమ్మకానికి పెట్టుకుని, ఉద్యోగం పోయిన మొగుణ్ని పక్కన పెట్టుకుని, హమ్మయ్య అనుకున్నానే. సిగ్గేసింది. ఆ కోపం నీ మీద చూపించాను."

"ముందే చెప్పొచ్చుగా."

"నువ్వు చెప్పావా?"

ఇద్దరూ నవ్వారు. ఏడుపులో నవ్వు కాదు, కడుపు నిండాక వచ్చే మామూలు నవ్వు. ముందు వరుసలో కళ్లు తుడుచుకుంటున్న ఒకాయన వెనక్కి తిరిగి చూసి, వీళ్లకేమొచ్చిందన్నట్టు మొహం పెట్టాడు.

"ఈ రెండో వరుసను ఎవరు మూస్తారు మరి?" అంది డార్లీన్ ఆఖరికి. "రాసినవాళ్లు మూయకూడదు కదా."

యువోన్ అరచేతిలో ముద్రను ఒకసారి చూసుకుంది. ఇరవై రెండేళ్లలో దాన్ని ఇంకొకరి చేతికిచ్చింది లేదు. ఇంట్లో మరిచిపోతే సగం దారి నుంచి వెనక్కి తిరిగేది. ఇప్పుడు దాన్ని డార్లీన్ చేతిలో పెట్టి, అటు తిరిగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగింది.

"తొందరగా కానీ," అంది. "నా నడుం ఎంతసేపని ఆగుతుంది?"