లవెర్న్ పారేసిన కార్డులు

మా ఊళ్లో అరవై దాటిన ఏ మగవాణ్ణి కదిపినా ఒకటే ఏడుపు. "చిన్నప్పుడు నా దగ్గర పెట్టెడు బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మల కార్డులుండేవి. మా అమ్మ పారేసింది. ఉంటే ఈపాటికి నేను కోటీశ్వరుణ్ణి." ఒహాయోలో తల్లులందరూ పొద్దున లేస్తే పిల్లల కార్డులు పారెయ్యడమే పనిగా బతికారనుకోవాలి. ఆ ఏడుపుగొట్టు సంఘానికి మా ఆయన డ్వేన్ అధ్యక్షుడు.

ఏటా థాంక్స్‌గివింగ్ పండగ విందులో టర్కీ కోడి బల్ల మీదికి రావడం, డ్వేన్ ఆ కథ ఎత్తుకోవడం ఒకేసారి జరుగుతాయి. "ఇదిగో, మా అమ్మని చూడండి. నా ఇంటి బాకీ తీర్చాల్సిన సొమ్ముని చెత్తబండి ఎక్కించింది!" అంటాడు. అందరూ పకపకా నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని, అబద్ధమెందుకు. మా అత్తగారు లవెర్న్ మాత్రం పళ్లెంలోకి చూస్తూ, "తప్పయిపోయిందిరా నాయనా, ఏదో తెలియక చేశాను" అనేది. ఎనభై దాటిన మనిషి.

మొన్న ఆవిడ గ్యారేజీ గోడ చెక్కలు పుచ్చిపోయాయని డ్వేన్ ఊడదీస్తుంటే, వెనక సందులోంచి చుట్టల పెట్టె ఒకటి జారిపడింది. మూత తీస్తే నిండా కార్డులు. నేను "ఇవేమిటి?" అనేలోపే అతని మొహం పాలిపోయింది. చిన్నప్పుడు వేసవి శిబిరానికి వెళ్తూ, పెదనాన్న కొడుకు కొట్టేస్తాడని తనే అక్కడ దాచాడట. తిరిగొచ్చేసరికి మరిచిపోయాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఈయన వెతకడంతో ఊరుకోలేదు, నేరం కన్నతల్లి మీద పెట్టాడు.

"పద, అత్తయ్యకి చెబుదాం" అన్నాను.

"ఇప్పుడెందుకులే నోరీన్. ముందు అమ్మేద్దాం. ఆ డబ్బుతో అమ్మకే కొత్త పొయ్యి కొనిపెడతాను."

"పొయ్యి ఎవరడిగారు? నువ్వు పారెయ్యలేదమ్మా అని ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అయ్యగారికి ఇప్పుడు మొహం గుర్తొచ్చింది! ఇన్నేళ్లూ ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుందో?

ఆదివారం ఫైర్ స్టేషన్ హాల్లో కార్డుల సంత. చర్చి అయ్యాక అత్తగారిని భోజనానికి తీసుకెళ్లే రోజూ అదే. "అమ్మ కార్లో కూర్చుంటుందిలే" అన్నాడు డ్వేన్. "ఈ చలిలోనా? నీకు బుద్ధుందా?" అని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కాఫీ ఇప్పించి, గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. కావాలనే చేశాను. ఎదురుగా తల్లి ఉంటేనైనా నోరు విప్పుతాడని నా ఆశ.

కర్ట్ అనే వ్యాపారి కార్డులన్నీ బల్ల మీద పరిచి, భూతద్దంతో మూలలు చూస్తున్నాడు. "ఒక్క మూలా నలగలేదు! ఎక్కడ దొరికాయన్నా ఇవి?"

డ్వేన్ నా వైపు ఒకసారి చూశాడు. "ఎవరింట్లోనో పాత సామాన్లు అమ్ముతుంటే కొన్నాను" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈ మనిషితోనా నేను కాపురం చేస్తున్నది అనిపించింది. ఏదో అనబోతుంటే పక్కనే అత్తగారి గొంతు వినపడింది. కాఫీ వదిలేసి, కర్ర పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేసింది.

"అబ్బ, అచ్చం నీ కార్డుల్లాగే ఉన్నాయిరా డ్వేన్!" అంది. అవి కర్ట్ అమ్ముతున్నాడనుకుంది పాపం. "కార్డులు పారేసిన తల్లిని నేనే బాబూ, మావాడు చెప్పే ఉంటాడు. ఇవన్నీ కలిపి ఎంతకిస్తావు?" అంటూ పర్సు తెరిచింది. "నేను పోయేలోగా వీడివి వీడికి కొనిచ్చేద్దామని."

నోట్లు తీసి బల్ల మీద పెడుతోంది. కర్ట్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. డ్వేన్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నేను అతని డొక్కలో మోచేత్తో ఒక్క పోటు పొడిచాను. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"అమ్మా, డబ్బు లోపల పెట్టెయ్" అన్నాడు చివరికి. "ఇవి నావే. మన గ్యారేజీ గోడలో దొరికాయి. నేనే దాచుకుని మరిచిపోయాను. నువ్వు పారెయ్యలేదు."

ఆవిడ కార్డుల వైపే చూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కానీ పారేసినట్టు నాకు గుర్తుందిరా" అంది. "చెత్తడబ్బాలో వేసినట్టు, మూత పెట్టినట్టు, అంతా గుర్తుంది. మీ నాన్న అడిగితే, అవును నేనే పారేశానన్నాను. ఆయన పోయేదాకా అదే నమ్మాడు."

డ్వేన్ కార్డులు పెట్టెలో సర్దబోయాడు. "వద్దు, అమ్మెయ్. అవి నా ఇంట్లోకి తేకు" అంది ఆవిడ.

నేను తల వంచుకుని ఆవిడ నోట్లు ఏరి పర్సులో పెడుతున్నాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"నువ్వూ నమ్మావు కదూ, అమ్మాయ్?"

"నమ్మానత్తయ్యా" అన్నాను. నవ్వానని చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ప్రతి ఏడూ ఆ పండగ బల్ల దగ్గర ఆవిడ నాకు ఎదురుగానే కూర్చునేది.