వెండెల్ బ్యాగు

మా యూనివర్సిటీ చూడ్డానికి వచ్చే తల్లిదండ్రుల ముందు వెనక్కి నడవడం నా ఉద్యోగం. మొహం వాళ్ళవైపు, వీపు దారివైపు. ఇది లైబ్రరీ, అది కొత్త ఈత కొలను, ఇక్కడ చదివినవాళ్ళెవరూ ఖాళీగా లేరు అంటూ నవ్వుతూ నడవాలి. ఏ మెట్టు ఎక్కడుందో నా మడమలకి తెలుసు. ఇదేం పిచ్చి పద్ధతో అని చాలాసార్లు విసుక్కున్నాను. ఆ శనివారం మాత్రం, ఒక మనిషి మొహాన్ని గంటసేపు తనివితీరా చూడ్డానికి ఇంతకంటే మంచి ఉద్యోగం లేదనిపించింది.

ఆవిడ పేరు మార్గిట్ లిండ్‌క్విస్ట్. కూతురు లినేయాకి ఇక్కడ సీటొచ్చింది, ఆగస్టులో చేరబోతోంది. శుక్రవారం ఆఫీసు కంప్యూటర్లో ఆ ఇంటిపేరు కనిపించింది. ఆ గుంపు నాది కాదు, నాలాగే ఈ పని చేసే డాషియెల్‌ది. వాడి ఆదివారం గుంపుని కూడా నేనే తీసుకుంటానని చెప్పి మార్పించుకున్నాను.

ఆవిడ కొడుకు థాచర్ మా తమ్ముణ్ణి చంపాడు. ఈ మాట ఇలా అనకూడదని మా లాయరు చాలాసార్లు హెచ్చరించాడు. నేను ఇలాగే అంటాను.

మా వెండెల్ ఇక్కడ చేరిన రెండు నెలలకే ఎల్మ్ వీధిలోని తెల్ల స్తంభాల ఇంటి మీద కన్నేశాడు. అది కుర్రాళ్ళ సంఘం వాళ్ళ ఇల్లు. అందులో ఉన్నవాళ్ళంతా పెద్దింటి పిల్లలు, చదువవగానే ఒకరినొకరు పైకి లాక్కుంటారు. మా నాన్న సిమెంటు లారీ తోలుతాడు. మమ్మల్ని పైకి లాగేవాళ్ళెవరూ లేరు కాబట్టి వాడికి ఆ ఇల్లు స్వర్గంలా కనిపించింది. చేరాలంటే ఒక్కొక్కడూ ఒక విస్కీ సీసా ఖాళీ చేయాలన్నారు. వాడు చేసి పడిపోయాడు.

అప్పుడు వాళ్ళు అలాంటి ఇళ్ళలో చేసే పనే చేశారు. లావుపాటి పుస్తకాలు కుక్కి వాడి ఎర్ర బ్యాగునే వాడి వీపుకి కట్టి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టారు. బ్యాగు అడ్డం ఉంటే వెల్లకిలా దొర్లడు, వాంతి గొంతుకి అడ్డం పడదు, పొద్దున్నకి వాడే లేస్తాడు. సంఘంలో అన్నలు కొత్తగా చేరిన తమ్ముళ్ళకి నేర్పే వైద్యం ఇది. అంబులెన్సుని పిలిస్తే వెనకే పోలీసులొస్తారు, ఇల్లు మూతపడుతుంది. బ్యాగయితే ఎవరికీ చెప్పదు.

తెల్లారేసరికి వాడి ప్రాణం పోయింది.

నిద్రపోతున్నాడనుకున్నాం, పొద్దున్నే తెలిసింది అని అందరూ ఒకే పాట పాడారు. ఆ ఇంటికి థాచరే నాయకుడు. ఆ రాత్రి వాడు తన ఇంటికి ఫోన్ చేసినట్టు బయటపడింది. ఎందుకు చేశావంటే, మర్నాడు చెల్లెలికి ప్రవేశ పరీక్ష ఉంది, ఆల్ ది బెస్ట్ చెప్పడానికి అన్నాడు. ఆ చెల్లెల్ని అడగండని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. మైనరు పిల్ల, అడగడానికి వీల్లేదని వాళ్ళ లాయర్లు సాగనివ్వలేదు. కేసు అక్కడితో చల్లారిపోయింది. ఇంటిని ఏడాదిపాటు మూసి మళ్ళీ తెరిచారు. థాచర్ వచ్చే నెల పట్టా పుచ్చుకుంటున్నాడు. మార్గిట్ మా ఇంటికి పూలు పంపిందేగాని మనిషి రాలేదు. అందుకే నా మొహం ఆవిడకి తెలియదు.

లినేయాకి ఇప్పుడు పద్దెనిమిది నిండాయి. అప్పుడెవరూ అడగని ఆ ఒక్క ప్రశ్న నేను అడగాలి. తల్లి ముందే అడగాలి.

నడక మొదలెట్టే ముందు, మొదటి ఏడాది కుర్రాడి బ్యాగు ఎంత బరువుంటుందో ఎవరు మోసి చూస్తారని అడిగాను. లినేయా చెయ్యెత్తింది. ఎత్తుతుందని తెలుసు. ఉషారైన పిల్ల. పోలీసులు తిరిగిచ్చిన ఆ ఎర్ర బ్యాగుని, అవే పుస్తకాలతో, నా చేతులతోనే ఆ పిల్ల భుజాలకి తగిలించాను.

“అమ్మో, ఇందులో ఏముంది, రాళ్ళా?” అని నవ్వింది.

వాళ్ళమ్మ కూడా నవ్వి ఫొటో తీసింది. థాచర్‌కి పంపుతా, వాడూ నవ్వుకుంటాడంది. తప్పకుండా పంపండి అన్నాను.

లైబ్రరీ దాటాం. “వీపుకి కళ్ళున్నాయా అమ్మాయ్, ఎక్కడా తడబడవే?” అని మార్గిట్ నన్ను మెచ్చుకుంది. అలవాటైపోయిందండీ అన్నాను. ఎల్మ్ వీధివైపు ఎవర్నీ తీసుకెళ్ళొద్దని మా ఆఫీసు ఆజ్ఞ. అటే తిప్పాను.

వీధి మలుపులో ఆవిడ ఫోన్ మోగింది. కొడుకే, ఫొటో చూసినట్టున్నాడు. ఎత్తింది, వింది, పెట్టేసింది. ఆవిడ చూపు ముందు బ్యాగు మీదికీ, తర్వాత నా మీదికీ వచ్చింది. ఆ మొహంలో నవ్వు ఇంకిపోవడం నేను ఎదురుగా నడుస్తూ చూశాను. పాపమనిపించలేదు. కడుపు నిండినట్టనిపించింది.

“లినేయా, అది తీసెయ్. మనం వెళ్దాం,” అంది.

అప్పటికి తెల్ల స్తంభాల ముందుకొచ్చేశాం. నేను ఆగాను. నా పేరు కొరిన్ హాస్కెట్ అని చెప్పాను. మా తమ్ముడు వెండెల్ ఈ ఇంట్లోనే, ఈ బ్యాగు వీపున ఉండగానే పోయాడని చెప్పాను. మిగతా తల్లిదండ్రులు కదల్లేదు. లినేయా పట్టీలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాళ్ళన్నయ్య ఇంట్లో ఒక అబ్బాయి పోయాడని ఆ పిల్లకి తెలుసుగాని, ఎలా పోయాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదట.

“ఆ రాత్రి మీ అన్నయ్య నీకు ఆల్ ది బెస్ట్ చెప్పడానికి ఫోన్ చేశాడంటారు. చెప్పాడా?” అని అడిగాను.

“దానికి జవాబు చెప్పకు,” అంది మార్గిట్.

లినేయా తల్లివైపు తిరిగింది. “నాతో మాట్లాడలేదు. నేను మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్నా. నువ్వే వంటింట్లో అన్నయ్యతో మాట్లాడావు. ఊపిరి ఆడుతోందా, ఆడుతుంటే కాసేపు ఆగు, ముందు సీసాలన్నీ బయటికి పంపించు అన్నావు. ఎవరికేమైందని అడిగా. అన్నయ్య వాళ్ళింట్లో కుక్కకి ఒంట్లో బాలేదన్నావు.”

“లినేయా.”

“పరీక్ష నుంచి రాగానే అడిగాను, ఆ కుక్కకి ఎలా ఉందమ్మా అని. పోయిందన్నావు.”

వెనక ఎవరో ఆడమనిషి చేత్తో నోరు మూసుకుంది. నేను ఏడాదిన్నరగా ఈ క్షణం కోసమే బతికాను. ఎన్ని తిట్లో మనసులో పేర్చిపెట్టుకున్నాను. కుక్క అన్న మాట ముందు అవన్నీ చిన్నబోయాయి. మా వెండెల్ ఇంకా ఊపిరి తీస్తుండగా వాణ్ణి కుక్కని చేసి, ఈవిడ కూతుర్ని నిద్రపుచ్చింది.

లినేయా ఫోన్ తీసింది. మార్గిట్ ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

“కాసేపు ఆగు, నాన్నా. ముందు మన లాయరుతో మాట్లాడదాం. కాసేపు ఆగు.”

“అన్నయ్యకీ ఇదే చెప్పావు,” అని ఆ పిల్ల చెయ్యి విడిపించుకుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో అంబులెన్సు కోసం ఎవరూ నొక్కని మూడంకెలూ నొక్కింది. అవతలివాళ్ళు ఏం జరిగిందని అడిగినట్టున్నారు. ఎల్మ్ వీధిలో ఒకబ్బాయికి ఊపిరి ఆడుతున్నప్పుడు చేయాల్సిన ఫోన్ ఇది, ఇప్పుడు చేస్తున్నా అంది. తన పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది. బ్యాగు మాత్రం దించలేదు.

మార్గిట్ ముందు ఇంటివైపు, తర్వాత చెట్లవైపు, తర్వాత రోడ్డువైపు మొహం తిప్పుకుంది. ఆవిడ ఎటు తిరిగినా నేను అటే రెండడుగులు వెనక్కి వేసి, ఎదురుగా నిలబడ్డాను.